పుండుకు లైటు పెట్టవచ్చా?

(రోగుల బంధువుల కోసం జరిగిన ఆరోగ్య అవగాహన కూటంలో ఒక నర్సు ఇచ్చిన ప్రసంగ పాఠం)

పొద్దుటి నుండి ఓపీ దగ్గర, వార్డుల దగ్గర నిలబడి అలసిపోయి ఉంటారు. వెనుక నిలబడిన అమ్మలు ముందుకు రండి, ఇక్కడ బల్లలు ఖాళీగా ఉన్నాయి. ఈ మాటలను పుస్తకంలో చదువుతున్నవారికి కూడా ఒక మనవి. ఇంట్లో షుగరు ఉన్నవారు, మానని పుండుతో బాధపడేవారు ఉంటే వారి పక్కన కూర్చుని చదివి వినిపించండి.

ఈ రోజు నేను వెలుతురు గురించి మాట్లాడతాను. ఎందుకంటే ఈ మధ్య డ్రెస్సింగు గదిలో నన్ను ఎక్కువమంది అడుగుతున్న ప్రశ్న ఇదే. "సిస్టరు గారూ, ఎర్ర లైటు పెడితే కొత్త కండ పెరుగుతుందట కదా, ఫోనులో చూశాం, నిజమేనా?" అని. నిజమే అని చెబితే మీరు మోసపోతారు. అబద్ధం అని చెబితే నేను తప్పు చెప్పినదాన్ని అవుతాను. అందుకని ఒక గంట తీసుకుని వివరంగా చెప్పమని మా డాక్టరు గారు నన్నే పంపించారు. నేను జీఎన్ఎం చదివిన నర్సును. సైంటిస్టును కాను. తెలిసినంతవరకు, చూసినంతవరకు చెబుతాను.

ముందు ఒక పెద్దాయన సంగతి చెప్పాలి. మిరప రైతు. షుగరు వచ్చి పదిహేనేళ్ళు దాటింది. కుడికాలు బొటనవేలి కింద పుండు పడింది. ఆరు వారాలు మా దగ్గరే కట్టు కట్టించుకున్నారు. పుండు అర్ధరూపాయి బిళ్ళంత నుండి శనగగింజంతకు వచ్చింది. తర్వాత మూడు వారాలు రాలేదు. పొలం పనులేమో అనుకున్నాము. వచ్చేసరికి పాదం తువ్వాలులో చుట్టి ఉంది. విప్పి చూస్తే పాదం ముందు భాగమంతా నీటి బుడగలు, లోపల చీము.

ఏమి జరిగిందంటే, అల్లుడు మామగారి మీద ప్రేమతో టౌనులో ఒక ఎర్ర దీపం కొన్నాడు. ఇది కణాలను పెంచుతుంది, నెలలో పుండు పూడుతుంది అని దుకాణంలో చెప్పారట. రోజూ సాయంత్రం ముప్పావు గంట పాదానికి పెట్టారు. కూతురు నాతో చెప్పిన మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "నాన్నకు వేడి తెలియడం లేదన్నాడు సిస్టరు గారూ. దీపం సరిగా పని చేయడం లేదేమోనని నేనే ఇంకా దగ్గరికి జరిపాను."

ఆయనకు రెండు వేళ్ళు తీసివేయవలసి వచ్చింది. ఆ అమ్మాయిని నేను ఒక్క మాట కూడా అనలేదు. అనడానికి నాకు నోరు లేదు. ఆరు వారాలు కట్టు కట్టాము గానీ, ఈ పాదానికి వేడి తెలియదు, నొప్పి తెలియదు అని ఇంట్లోవాళ్ళను కూర్చోబెట్టి ఒక్కసారైనా చెప్పామా? చెప్పలేదు. ఈ ప్రసంగం ఆ రోజే చేసి ఉండవలసింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. వెలుతురు వైద్యం చేస్తుందా? చేస్తుంది. మా పిల్లల వార్డులో నీలి లైటు కింద కళ్ళకు గంతలు కట్టి పడుకోబెట్టిన పసిబిడ్డలను మీలో చాలామంది చూసే ఉంటారు. పుట్టిన బిడ్డకు పచ్చకామెర్లు ఎక్కువైతే ఆ లైటు పెడతాము. దాన్ని కనిపెట్టడంలో ఒక నర్సు పాత్ర ఉంది, అందుకే ఆ కథ నాకు ఇష్టం. ఇంగ్లండులో ఎసెక్స్ ప్రాంతపు రోచ్‌ఫోర్డ్ ఆస్పత్రిలో వార్డ్ అనే సిస్టరు ఉండేవారు. నెలలు నిండని బిడ్డలను ఎండ బాగున్న రోజున ఆరుబయటకు తీసుకువెళ్ళేవారు. 1956లో ఆమె ఒక బిడ్డను డాక్టర్లకు చూపించారు. ఒళ్ళంతా తెల్లగా ఉంది, దుప్పటి మూల కప్పిన చోట మాత్రం మూడుకోణాల పచ్చ మచ్చ మిగిలింది. అంటే వెలుతురు తగిలిన చోట పసుపు పోయింది. 1958లో అక్కడి డాక్టర్లు దీపాలతో పరీక్షించి ఆ సంగతిని ప్రచురించారు. ఈ రోజు ప్రపంచమంతా ఆ వైద్యమే.

కానీ ఒకటి గమనించండి. ఆ నీలి లైటు బిడ్డ కణాలను పెంచడం లేదు. రక్తంలోని బిలిరుబిన్ అనే పచ్చ పదార్థం రూపాన్ని మార్చి ఒంట్లోనుండి బయటకు పోయేలా చేస్తుంది, అంతే. కండను పెంచడం, చర్మాన్ని మళ్ళీ మొలిపించడం వేరే సంగతి. దాని కథ హంగరీ దేశంలో మొదలైంది.

లేజరు అనే పరికరం మొదట 1960లో అమెరికాలో వెలిగింది. అమెరికాలోనే ఒక డాక్టరు దానితో ఎలుకల్లో క్యాన్సరు గడ్డలను కాల్చి చూశాడు. ఆ పనినే బుడాపెస్టు నగరంలో ఎండ్రె మెస్టర్ అనే సర్జను మళ్ళీ చేసి చూడబోయారు. ఆయన దగ్గరున్న లేజరు బలం చాలా తక్కువ. గడ్డలను అది ఏమీ చేయలేకపోయింది. కానీ ఎలుకల వీపు మీద వెంట్రుకలు గొరిగి లైటు పెట్టారు కదా, లైటు పెట్టినవాటికి పెట్టనివాటికంటే త్వరగా వెంట్రుకలు మొలిచాయి! ఆయన 1967లో ఆ సంగతి ప్రచురించారు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి మానని కాలిపుండ్లు ఉన్న మనుషులకు ఆ చిన్న లేజరు పెట్టి చూశారు. విఫలమైన ఒక ప్రయోగం నుండి ఈ వైద్యం పుట్టింది.

ఎలా పని చేస్తుంది అంటే, మన శరీరం కోట్ల కోట్ల కణాలతో కట్టిన ఇల్లు. ప్రతి కణంలో మైటోకాండ్రియా అనే చిన్న చిన్న పొయ్యిలు ఉంటాయి. మనం తిన్న అన్నం, పీల్చిన గాలి కలిసి అక్కడ శక్తిగా మారతాయి. ఆ పొయ్యిలో ఒక ఎంజైము ఎరుపు వెలుతురును, ఎరుపు దాటి కంటికి కనబడని పరారుణ కాంతిని పీల్చుకుంటుంది. అప్పుడు పొయ్యి కొంచెం చురుకుగా మండి, కణం తన మరమ్మతు పనిని వేగంగా చేస్తుందని ఈ రంగంలోని శాస్త్రజ్ఞులలో ఎక్కువమంది భావిస్తున్నారు. ఇందులో వేడి పాత్ర లేదు. ఆ యంత్రం పెట్టినప్పుడు చర్మం కాలదు, వెచ్చదనం కూడా పెద్దగా తెలియదు. ఈ ఒక్క మాట గుర్తుంటే మా పెద్దాయన వేళ్ళు మిగిలేవి. కండ పెంచడానికి వాడే వెలుతురు వేరు, కాపడం పెట్టే ఎర్రబల్బు వేరు. రంగు ఒకటే కనుక మనం ఒకటే అనుకుంటాము.

ఇంకొక చిక్కు కూడా ఉంది. మీలో రైతులు ఉన్నారు. నారుమడికి నీళ్ళు చాలకపోతే నారు ఎండుతుంది. ఎక్కువైతే కుళ్ళుతుంది. కణాలకు ఈ వెలుతురు కూడా అంతే. తక్కువైతే ఏమీ జరగదు, తగినంత అయితే పెరుగుదల వేగం పుంజుకుంటుంది, మోతాదు దాటితే అదే వెలుతురు పెరుగుదలను ఆపేస్తుంది. ప్రయోగశాలల్లో ఇది మళ్ళీ మళ్ళీ కనబడిన సంగతి. కనుక మందు సీసాకు కొలత మూత ఉన్నట్టు దీనికీ కొలత ఉండాలి. ఎంత బలమున్న లైటు, ఎంత దూరం నుండి, ఎన్ని నిమిషాలు, వారానికి ఎన్నిసార్లు అనే లెక్క తెలిసినవారే పెట్టాలి.

మన ఊళ్ళలో వెలుతురు కణాలను పెంచడం కళ్ళారా చూడాలంటే చర్మవైద్యుల దగ్గర చూడవచ్చు. బొల్లి మచ్చలు ఉన్నవారికి వాడే లైటు సంగతి అది. అది ఎరుపు కాదు, ఎండలోని అతినీలలోహిత కిరణాలలో ఒక సన్నని భాగం మాత్రమే, 311 నానోమీటర్ల దగ్గర. బొల్లిలో చర్మానికి రంగునిచ్చే కణాలు చచ్చిపోతాయి. కానీ వెంట్రుక వేరు దగ్గర ఆ జాతి కణాలు కొన్ని దాక్కుని ఉంటాయి. వెలుతురు వాటిని లేపుతుంది. అవి పెరిగి, వెంట్రుక వెంబడి పైకి పాకి వచ్చి చర్మంలో స్థిరపడతాయి. అందుకే తెల్ల మచ్చలో మొదట వెంట్రుక మొదళ్ళ చుట్టూ గోధుమరంగు చుక్కలు కనబడి, అవి నెమ్మదిగా కలుస్తాయి. ముఖం మీద బాగా వస్తుంది. వేళ్ళ చివర, పెదవుల మీద, అరికాళ్ళలో సరిగా రాదు, అక్కడ వెంట్రుకలు లేవు కదా. వారానికి రెండు మూడుసార్లు, నెలల తరబడి వెళ్ళాలి. సగంలో మానేసి "లైటు పనిచేయలేదు" అనేవాళ్ళే ఎక్కువ. సందర్భం వచ్చింది కనుక చెబుతున్నాను, బొల్లి అంటువ్యాధి కాదు, కుష్ఠు కాదు. దాని పేరు చెప్పి పెళ్ళిళ్ళు చెడగొట్టే బంధువులు ఈ కూటంలో లేరని అనుకుంటాను.

మన పెద్దలు బావంచాలు నూరి పూసి ఎండలో కూర్చోబెట్టేవారు. దానిలో నిజం ఉంది. బావంచ గింజలో సొరాలెన్ అనే పదార్థం ఉంది, అది ఎండతో కలిసి పనిచేస్తుంది. 1940లలో ఈజిప్టులో ఎల్ మొఫ్టీ అనే డాక్టరు అదే జాతి పదార్థాన్ని వేరే మొక్కనుండి తీసి కొలతతో వాడారు. కొలత లేకుండా వాడితే ఏమవుతుందో నేను చూశాను. నడినెత్తిన ఎండలో గంటసేపు కూర్చున్న పిల్లకు చేతినిండా బొబ్బలు.

విచిత్రం ఏమిటంటే సోరియాసిస్ అనే పొలుసుల జబ్బులో ఇదే 311 లైటు కణాల పెరుగుదలను తగ్గిస్తుంది. మామూలు చర్మం పొర మారడానికి సుమారు నెల పడితే, ఆ జబ్బులో వారం లోపే కొత్త పొర తోసుకువస్తుంది. లైటు ఆ తొందరను అణుస్తుంది. ఒక చోట నిద్రపోయే కణాన్ని లేపింది, ఇంకొక చోట పరుగెత్తేదాన్ని ఆపింది. మరి ఏ జబ్బో తేల్చకుండా దుకాణంలో లైటు కొనవచ్చా?

క్యాన్సరు వార్డు బంధువులకు ఒక మాట. నోటి క్యాన్సరుకు కరెంటు పెట్టించుకునేటప్పుడు, అంటే రేడియేషన్ ఇచ్చేటప్పుడు, నోరంతా పూసి, పుండ్లు పడి గంజి కూడా మింగలేని స్థితి వస్తుంది. మన శ్రీకాకుళం, విశాఖ వైపు అడ్డచుట్ట తాగే అమ్మలకు అంగిట్లో వచ్చే క్యాన్సరు మీకు తెలిసిందే. ఈ నోటి పూతను తగ్గించడంలో చిన్న బలం లేజరుకు మంచి ఆధారాలు ఉన్నాయి. కర్ణాటకలోని మణిపాల్ విశ్వవిద్యాలయం వారు చేసిన పరీక్షల ఫలితాలు 2012లో వచ్చాయి, లైటు పెట్టినవారిలో తీవ్రమైన నోటి పూత తగ్గింది. ఇంగ్లండు ప్రభుత్వ సంస్థ 2018లో, అంతర్జాతీయ క్యాన్సరు సేవల సంఘం 2020లో దీనికి అనుకూలంగా మార్గదర్శకాలు ఇచ్చాయి. మా ఆస్పత్రిలో ఆ యంత్రం లేదు. మిమ్మల్ని పెద్ద క్యాన్సరు ఆస్పత్రికి పంపినప్పుడు, అక్కడ ఉందా అని మొదటి రోజే అడగండి. పూత వచ్చాక కంటే రాకముందు మొదలుపెడితేనే ఉపయోగం ఎక్కువ. అయితే గడ్డ ఉన్న చోట పడకుండా పెట్టాలి కనుక అది క్యాన్సరు డాక్టరు గారి కళ్ళముందు జరగాలి. ఉప్పు, వంటసోడా కలిపిన గోరువెచ్చని నీళ్ళతో పుక్కిలించడం మాత్రం మానవద్దు. దానికి యంత్రం అక్కర్లేదు.

ఇంకా ప్రయోగశాలలో ఉన్న సంగతులు కూడా ఉన్నాయి, అవే ఫోనులో ఎక్కువ కనబడతాయి. 2014లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయం వారు ఎలుక పళ్ళకు రంధ్రం చేసి, లోపల చిన్న లేజరు పెట్టి మూసేశారు. పన్నెండు వారాల తర్వాత చూస్తే పంటి లోపలి గట్టి పొర, డెంటిన్ అంటారు, మళ్ళీ పెరిగింది. పంటిలోనే నిద్రపోతున్న మూలకణాలను వెలుతురు లేపిందన్నమాట. అదే ఏడాది ఆస్ట్రియా దేశంలో నాచు మొక్కనుండి వెలుతురును గుర్తించే భాగాన్ని తీసి, కణాలకు పెరగమని చెప్పే తలుపుకు అతికించారు. నీలి లైటు వేస్తే ఆ తలుపు తెరుచుకుంటుంది, తీసేస్తే మూసుకుంటుంది. కరెంటు స్విచ్చులాగే. వింటుంటే నాకే ఆశ్చర్యం వేసింది. కానీ అవి ఎలుక పళ్ళు, గాజు పళ్ళెంలోని కణాలు. మీ నాన్నగారి పాదానికి ఈ సంవత్సరం అందే వైద్యం కాదు. "హార్వర్డ్‌లో నిరూపించారు" అని ఎవరైనా మీకు దీపం అమ్మబోతే, ఎలుక పళ్ళలోనా అని అడగండి.

ఇక షుగరు పుండుకు లైటు పెట్టవచ్చా? చిన్న చిన్న పరిశోధనలలో కొందరికి పుండు త్వరగా తగ్గినట్టు కనబడింది. కాదనను. కానీ కట్టు, ఒత్తిడి తీసివేయడం, షుగరు అదుపు, రక్తం పారుదల చూడడం వీటిని పక్కనపెట్టి లైటు పెట్టుకోండి అని ఏ పెద్ద వైద్యసంఘమూ చెప్పలేదు. ఎందుకో మీరే ఆలోచించండి. వెలుతురు కణాన్ని పని చేయమంటుంది, సరే. పని చేయడానికి దానికి రక్తం అందాలి. కాలి నరం పూడుకుపోయి ఉంటే పొయ్యి ఎంత మండించినా వండడానికి బియ్యమే లేవు. చీము ఉంటే దాన్ని తీయాలి. ఎముకలోకి పాకిందేమో ఎక్స్‌రే చూడాలి. అన్నిటికంటే ముఖ్యం, పుండు మీద కాలు మోపకూడదు.

ఈ ఆఖరిది మనవాళ్ళకు ఎక్కదు. వెల్లూరు ఆస్పత్రిలో పాల్ బ్రాండ్ అనే డాక్టరు 1940ల నుండి కుష్ఠు రోగుల మధ్య పని చేశారు. కుష్ఠు రోగుల పాదాలు కుళ్ళేది వారి కండ చెడ్డది కనుక అని లోకమంతా అనుకునేది. కాదు, వారి కండ మన కండలాగే మానుతుంది, నొప్పి తెలియక పుండు మీద నడుస్తారు కనుకనే మానడం లేదు అని ఆయన చూపించారు. కాలికి పట్టీ వేసి ఒత్తిడి తీసేస్తే ఏళ్ళ తరబడి ఉన్న పుండ్లు మానాయి. షుగరు పాదం కూడా అదే పాదం. పగలు పదిసార్లు పుండు మీద అడుగు వేసి, రాత్రి ఇరవై నిమిషాలు లైటు పెడితే, పగలు తెంపిన దారాన్ని రాత్రి ముడివేసినట్టే.

కొందరు కట్టు విప్పి పుండును ఎండలో ఆరబెడతారు. అదీ వద్దు. కొత్త చర్మపు కణాలు అంచులనుండి మధ్యకు పాకుతూ వస్తాయి, తడిగా ఉన్న నేల మీదనే అవి బాగా పాకగలవు. 1962లో ఇంగ్లండులో జార్జ్ వింటర్ అనే ఆయన పందుల మీద పరీక్షించి, ఆరబెట్టిన గాయం కంటే కప్పి ఉంచిన గాయం త్వరగా పూడుతుందని చూపించారు. ఎండబెడితే పైన పెచ్చు కడుతుంది, మనకు మానినట్టు కనబడుతుంది, కింద కణాలు దారి లేక చుట్టూ తిరగాలి. పైగా ఈగలు. పురుగులు పడిన పుండ్లను కడిగిన చేతులతో చెబుతున్నాను.

ఇంటికి వెళ్ళాక ఒక పని చేయండి. షుగరు ఉన్నవారిని కళ్ళు మూసుకోమని, వారి కాలివేళ్ళ చివరలను మీ వేలితో నెమ్మదిగా, ఊరికే తాకండి, నొక్కవద్దు. తాకినప్పుడు చెప్పమనండి. రెండు మూడు వేళ్ళ దగ్గర చెప్పలేకపోతే ఆ పాదానికి స్పర్శ తగ్గింది. మా ఓపీకి తీసుకురండి, దారం లాంటి పరికరంతో సరిగా పరీక్షిస్తాము. అలాంటి పాదానికి వేడినీళ్ళ సంచీ, ఇసుక కాపడం, చలిమంట, ఎర్రబల్బు ఏదీ దగ్గరికి రానివ్వకండి. స్నానానికి నీళ్ళు వారు కాదు, మీరు మోచేతితో చూసి పోయాలి. చెప్పులు లేకుండా ఇంట్లో కూడా నడవనివ్వవద్దు.

ఎక్కడైనా లైటు వైద్యం చేస్తామంటే పోవద్దని నేను అనను. పోయే ముందు అడగండి. పుండును డాక్టరు చూశారా? కాలి నాడి పట్టి చూశారా? రోగికి, పెట్టేవారికి కళ్ళద్దాలు ఉన్నాయా? ఎన్ని నిమిషాలు, ఎన్నిసార్లు అని కాగితం మీద రాసి ఇస్తారా? ఏ దేశంలో దొరికిన యంత్రమైనా సరే, "ఇక కట్టు అక్కర్లేదు, ఇన్సులిన్ మానేయండి" అన్న మాట వినబడితే చెప్పులు వేసుకుని వచ్చేయండి. డబ్బు కట్టి ఉన్నా సరే వచ్చేయండి.

మా పెద్దాయన సంగతి అడుగుతారేమో. వేళ్ళు తీసిన గాయం మానడానికి నాలుగు నెలలు పట్టింది. ఇప్పుడు ఎం.సీ.ఆర్. చెప్పులు వేసుకుని నడుస్తున్నారు, పొలానికి కూడా అవే. నెలకొకసారి కూతురు వెంట వచ్చి పాదం చూపించుకుని వెళతారు. ప్రతి రాత్రి తన చిన్న అద్దం కింద పెట్టి నాన్న అరికాలు చూస్తానని ఆ అమ్మాయి చెప్పింది. ఆ దీపం ఏం చేశారమ్మా అని అడిగాను. పారేయడానికి మనసు రాలేదట. పెరట్లో కోడిపిల్లల గంప మీద వేలాడదీశారట, చలికాలం ఒక్క పిల్ల కూడా పోలేదని చెప్పింది.